రాత్రి పదిన్నర తర్వాత ఆడేవాళ్లు హెడ్‌ఫోన్లు ఎలా కొనాలి

మా అక్క కొడుకు కొత్తగా పీసీ కొనుక్కున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి, "పిన్నీ, మంచి గేమింగ్ హెడ్‌సెట్ ఒకటి చెప్పు, ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు. "రాత్రిపూట నీ గదిలో ఏమేం వినిపిస్తాయిరా?" అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. హెడ్‌ఫోన్ల సంగతి అడిగితే గది సంగతి ఎందుకంటాడు. ఎందుకో వాడికి గంటసేపు చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నాది బ్యాంకులో క్యాష్ కౌంటరు ఉద్యోగం. పొద్దున్నుంచి నోట్లు లెక్కపెట్టే మిషను గరగర, టోకెన్ పిలుపులు, "మేడమ్, చిల్లర లేదా?" అనే గొంతులు. మల్కాజిగిరిలో ఇల్లు చేరి వంట, అత్తయ్య మందులు, పాప హోంవర్కు అయ్యేసరికి పదిన్నర. అక్కణ్ణుంచి గంటన్నర నాది. ఆన్‌లైన్‌లో జట్టు కట్టి కాల్చుకునే ఆటలు నేను ఆడను. కథ ఉన్నవి, ఒక్కదాన్నే అడవిలోనో పాడుబడ్డ ఊళ్లోనో తిరిగేవి ఆడతాను. ఇలాంటి ఆటల్లో మనల్ని లోపలికి లాగేది బాంబుల మోత కాదు. గుహలో ఎక్కడో ఒక నీటిచుక్క పడుతుంది. పక్కగదిలో చెక్కనేల కిర్రుమంటుంది. మనతో నడిచే మనిషి మాట్లాడే ముందు ఊపిరి పీల్చుకుంటాడు. అంత చిన్న శబ్దం మీ ఇంట్లో, మీ చెవిదాకా వస్తుందా లేదా అన్నదాన్ని బట్టే కొనాలి.

ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. మీరు రోజూ ఆడే వేళకి, ఆడే చోట, ఫ్యాను ఎప్పుడూ పెట్టే నంబరులోనే పెట్టి, లైటు తీసేసి పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. గోడగడియారం టిక్‌టిక్ వినిపిస్తోందా? వినిపిస్తే మీ గది నెమ్మదైన గది. ఫ్యాను మూడులో పెట్టగానే గడియారం మాయమైపోతే, ఆటలోని నీటిచుక్క కూడా అలాగే మాయమవుతుంది. కూలరు తిరిగే ఇల్లయితే పరీక్ష కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఎంపిక. హెడ్‌ఫోన్లలో ఓపెన్ బ్యాక్, క్లోజ్‌డ్ బ్యాక్ అని రెండు జాతులు. ఓపెన్ బ్యాక్‌లో చెవి కప్పు వెనకవైపు జాలీ ఉంటుంది, గాలి ఆడుతుంది. శబ్దం బుర్రలో ఇరుక్కున్నట్టు కాకుండా చుట్టూ పరుచుకున్నట్టు ఉంటుంది. అడవిలో నిలబడితే అడవి ఎంత పెద్దదో తెలుస్తుంది. కానీ బయటి చప్పుడు లోపలికి వస్తుంది, లోపలిది బయటికి పోతుంది. క్లోజ్‌డ్ బ్యాక్ తలుపులు మూసిన గదిలాంటిది. బయటి గోల తగ్గుతుంది, బేస్ గట్టిగా తగులుతుంది, ఆ విశాలత మాత్రం కొంత పోతుంది.

నేను ఓపెన్ బ్యాకే వాడతాను. దానికి శబ్దం ఒక్కటే కారణం కాదు. పక్కగదిలో అత్తయ్య పడుకుంటారు. రాత్రి ఒక్కోసారి లేచి "అమ్మాయ్" అని మెల్లగా పిలుస్తారు. మూడేళ్ల కిందట క్లోజ్‌డ్ బ్యాక్ పెట్టుకుని కూర్చున్న రోజు ఆ పిలుపు నాకు వినపడలేదు. ఆవిడే గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచి నీళ్లు తాగారు. మర్నాడే అది మా ఆయనకి ఇచ్చేశాను. ఇంట్లో పసిపిల్లలున్నా, పెద్దవాళ్లున్నా ఈ సంగతి తప్పకుండా ఆలోచించండి. దీనికో ఇబ్బందీ ఉంది. పాప పదో తరగతిలో ఉన్నప్పుడు అదే గదిలో చదువుకునేది. "అమ్మా, నీ ఆటలో ఎవరో ఏడుస్తున్నారు, నాకు లెక్క తెగట్లేదు" అంది. ఆ ఏడాదంతా నేను హాల్లోకి మారాను.

హాస్టల్లో నలుగురితో ఉండేవాళ్లకీ, మెయిన్‌రోడ్డు మీది ఫ్లాటులో ఉండేవాళ్లకీ క్లోజ్‌డ్ బ్యాకే మేలు. ఫ్యాను, ఏసీ, దూరంగా వెళ్లే రైలు లాంటి ఒకే తీరు మూలుగులని నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి చప్పుడుకి ఎదురు శబ్దం పుట్టించి దాన్ని అణచే ఏర్పాటు) ఉన్న హెడ్‌ఫోన్ బాగా తగ్గిస్తుంది. కుక్కర్ కూత, హారన్ లాంటి ఆకస్మిక శబ్దాల మీద దాని ప్రభావం తక్కువ.

పెట్టెమీద 7.1 అని రాసి ఉందని మోసపోకండి. 2019లో 3,500 పెట్టి, రంగురంగుల లైట్లున్న హెడ్‌సెట్ ఒకటి నేనూ కొన్నాను. ఏడు స్పీకర్లు ఉంటాయనుకున్నాను. అలాంటివాటిలో చాలామటుకు చెవికొకటి చొప్పున ఉండేది రెండే. మిగతాది సాఫ్ట్‌వేర్ పని. ఆ బటన్ నొక్కగానే మాటలన్నీ బాత్రూంలోంచి వచ్చినట్టు వినపడేవి. నిజానికి దిక్కు తెలుసుకోవడానికి మనకి ఏడు స్పీకర్లు అక్కర్లేదు. కళ్లు మూసుకుని పడుకున్నా రైలు లాలాగూడ గేటు వైపు నుంచి వస్తోందో సఫిల్‌గూడ వైపు నుంచి వస్తోందో నాకు తెలుస్తుంది. ఉన్నవి రెండు చెవులేగా! శబ్దం ఒక చెవికి కొంచెం ముందు, రెండో చెవికి కొంచెం వెనక చేరుతుంది. ఆ తేడా ఎక్కువలో ఎక్కువ సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు, 0.7 మిల్లీసెకను దాకా అంతే. దానికి తోడు తల అడ్డు, చెవి డొప్ప మలుపులు కలిసి మెదడుకి దిక్కు చెబుతాయి. ఈ లెక్కనే హెచ్ఆర్‌టీఎఫ్ అంటారు. మంచి ఆటలు ఈ లెక్క కట్టి మామూలు స్టీరియో హెడ్‌ఫోన్‌కే పంపిస్తాయి.

2017లో వచ్చిన 'హెల్‌బ్లేడ్' ఆడితే ఇది ఒంటికి తెలుస్తుంది. కథానాయిక బుర్రలో వినిపించే గొంతుల్ని మనిషి తల ఆకారంలోని, రెండు చెవుల మైకుతో రికార్డు చేశారు. ఒక గొంతు ఎడమ చెవి పక్కన గుసగుసలాడి వెనకనుంచి కుడివైపుకి జారుకుంటుంటే నేను నిజంగా తల తిప్పి చూశాను. ఎదురుగా మా ఇంటి బీరువా.

ఈ లెక్క పీసీ చేతే కట్టించే విండోస్ సోనిక్ ఉచితం. అదే పని చేసే డాల్బీ అట్మాస్ ఫర్ హెడ్‌ఫోన్స్‌కి డబ్బు కట్టాలి. ఆటలోనే 3డీ ఆడియో, బైనారల్, హెచ్ఆర్‌టీఎఫ్ అని ఏదైనా ఉంటే అది ఆన్ చేసి విండోస్‌ది ఆపేయండి. రెండూ కలిపితే శబ్దం మసకబారుతుంది. పీఎస్5 (ప్లేస్టేషన్ 5) వాళ్లకి ఇంకా సులువు. ఏ హెడ్‌ఫోనైనా కంట్రోలర్ కింద 3.5 జాక్‌లో గుచ్చితే చాలు, 3డీ ఆడియో పనిచేస్తుంది. సౌండ్ సెట్టింగుల్లో 3డీ ఆడియోని మీ చెవులకి తగ్గట్టు సరిచేసుకునే చోటు ఉంటుంది. అక్కడ వినిపించే శబ్దాల్ని విని, మీకు సరిపడేది ఎంచుకోండి. మనందరి చెవులూ ఒక్కలా ఉండవు కాబట్టే అది పెట్టారు.

మనకి మైకు అక్కర్లేదు. ఒక్కళ్లమే ఆడుతున్నాం, ఎవరితో మాట్లాడాలి? అందుకే 'గేమింగ్' అన్న ముద్ర ఉన్న అరలు వదిలేసి పాటలు వినేవాళ్ల అరకి వెళ్లండి. అదే డబ్బుకి శబ్దం చాలా మెరుగ్గా దొరుకుతుంది. ఓపెన్ బ్యాక్‌లో సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ నాది. బేస్ గుద్దుడు ఉండదు, మాట శుభ్రంగా ఉంటుంది, బరువు 240 గ్రాములే. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 పాత మోడలే అయినా చెవులకి హాయిగా ఉంటుంది. క్లోజ్‌డ్‌లో ఆడియో టెక్నికా ఎం50ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో చూడండి. డీటీ 770లో 32, 80, 250 ఓమ్‌లని (ఓమ్ అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డుకి కొలత) మూడు రకాలుంటాయి. ఫోనుకో కంట్రోలరుకో నేరుగా గుచ్చేవాళ్లు 250 జోలికి పోవద్దు, గొంతు పెగలదు. ఇంకోమాట, 'స' అక్షరం కాస్త గుచ్చుకుంటేనే చికాకుపడే చెవులైతే ఆ బేయర్‌డైనమిక్ విని మరీ కొనండి.

ఓమ్‌లతో పాటు సెన్సిటివిటీ అంకె కూడా చూడాలి. ఒక హెడ్‌ఫోన్ ఒక మిల్లీవాట్‌కి 100 డెసిబెల్ ఇచ్చి, ఇంకోటి 90 ఇస్తే, రెండోదానికి అదే మోత రావాలంటే పది రెట్లు పవర్ కావాలి. అప్పుడే ఆంప్లిఫయర్ మాట. లేకపోతే ఆ డబ్బు ఆటలకి దాచుకోండి.

కానీ ఒక్క వస్తువు మాత్రం నేను అందరికీ చెబుతాను, యూఎస్‌బీ డాక్ (డీఏసీ) డాంగిల్. పీసీ లోపలి జాక్ బదులు శబ్దాన్ని బయటే తయారుచేసి హెడ్‌ఫోన్‌కి ఇచ్చే చిన్న ముక్క అది. పీసీ ముందువైపు జాక్‌లో గుచ్చితే సన్నటి 'జ్‌జ్‌జ్' వినిపిస్తుంటుంది. మౌస్ కదిపితే అది కూడా మారుతుంది. నీటిచుక్క కోసం ఇంత తంటాలు పడి, దానికింద ఈ ఈల పెట్టుకుంటే ఏం లాభం! ముందు వెనకవైపు ఆకుపచ్చ జాక్‌లో గుచ్చి చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకండి. పీకగానే మూలుగు ఆగిపోతే తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు, చాలాసార్లు ఇంటి ఎర్తింగ్‌ది. మా పాత ఇంట్లో మూడో పిన్ను రంధ్రం ఉండేది కానీ దాని వెనక తీగే లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఐదు నిమిషాల్లో టెస్టర్ పెట్టి చూపించాడు. జాక్ దగ్గరి గోల అయితే ఆ డాంగిల్ గుచ్చుకుంటే చాలావరకు పోతుంది.

బ్లూటూత్ ఆటలకి వద్దు. కత్తి తగిలిన తర్వాత ఆ చప్పుడు వస్తుంది. వైరు ఇష్టం లేకపోతే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చేవి కొనండి. పీఎస్5కి మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు నేరుగా కలవవు కూడా.

కొనేటప్పుడు తలమీద పెట్టుకుని చూడడం అన్నిటికన్నా ముఖ్యం. నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్తాను, రద్దీ తక్కువ. అన్ని షాపుల్లో పెట్టె విప్పరు, డెమో పీస్ ఉందా అని ముందే అడగండి. ఫోన్‌లో నాలుగు శబ్దాలు నింపుకుని వెళ్లండి. వాన, గుసగుస, అడుగుల చప్పుడు, బాగా తెలిసిన గొంతు ఒకటి. పాటలతో మాత్రమే పరీక్షిస్తే బేస్ మాయలో పడిపోతాం. పావుగంట తీయకుండా పెట్టుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లు కళ్లజోడుతోనే పెట్టుకోవాలి. నాకు మొదటి ఐదు నిమిషాలు ఏమీ అనిపించదు. పదో నిమిషానికి కళ్లజోడు పుల్ల చెవి పైన ఎముకని నొక్కడం మొదలవుతుంది. దానికితోడు ఆ పుల్ల పక్కన సందు ఏర్పడి క్లోజ్‌డ్ బ్యాక్‌లో బేస్ కారిపోతుంది. కేబుళ్లు, పెద్ద జాక్‌ని చిన్నదిగా మార్చే పిన్నులు కావాలంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి.

మన ఊరి ఏప్రిల్, మే నెలల్ని కూడా లెక్కలో వేసుకోండి. ఆ లైట్ల హెడ్‌సెట్ రెక్సిన్ ప్యాడ్లు ఒక్క ఎండాకాలానికే చెమట తాగి పొరలు లేచాయి. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే చెవుల చుట్టూ నల్లటి పొట్టు, దిండు మీదా అదే. మఖమల్ ప్యాడ్లు చెమటని భరిస్తాయి. డీటీ 770లో 80, 250 ఓమ్‌ల వాటికి ఆ మఖమల్ ప్యాడ్లే వస్తాయి. ఏది కొన్నా విడి ప్యాడ్లు దొరుకుతాయా, చేత్తో ఊడదీసి మార్చుకోవచ్చా అని అక్కడే అడగండి. ప్యాడ్లు అణిగిపోతే శబ్దం కూడా మారిపోతుంది.

ఇంటికి తెచ్చాక ఆటలోని ఆడియో మెనూ తెరిచి, టీవీ స్పీకర్లు అని ఉన్నచోట హెడ్‌ఫోన్స్ పెట్టండి. నైట్ మోడ్ ఉంటే తీసేయండి. అది చిన్న శబ్దాల్ని పెంచి పెద్దవాటిని తగ్గించి అన్నీ ఒకటే చేసేస్తుంది. తర్వాత ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే ఘట్టం దగ్గర ఆగి, వాళ్లు మీ ఎదురు కుర్చీలో కూర్చుని మాట్లాడినంత వరకే వాల్యూమ్ పెట్టండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే. ఆడి లేచాక చెవుల్లో సన్నగా గుయ్యిమంటే ఆ రోజు ఎక్కువ పెట్టినట్టే. మర్నాడు రెండు గీతలు తగ్గించండి.

మా వాడు గది పరీక్ష చేశాడు. కింద టిఫిన్ సెంటరు వాళ్లు రాత్రి పన్నెండు దాకా గ్రైండరు తిప్పుతారట, క్లోజ్‌డ్ బ్యాక్ తీసుకున్నాడు. మొన్న పదకొండింటికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "పిన్నీ, ఇందులో వానపడుతుంటే రేకు మీద పడే చినుకు వేరు, మట్టిమీద పడేది వేరు వినిపిస్తోంది" అన్నాడు.