ఇంటి నుంచి పనిచేసేవారి డాబాపై సౌర విద్యుత్తు: దరఖాస్తు విధానం

హైదరాబాదు, బెంగళూరు కంపెనీల ఉద్యోగాలను అమలాపురం, రాజోలు, భీమవరం ఇళ్ల నుంచే చేస్తున్నవారికి పగటి కరెంటు వాడకం పెరిగింది. సౌర ఫలకలు విద్యుత్తునిచ్చేదీ పగలే కనుక, డాబాపై సౌర ఫలకలు పెట్టుకునే ఇళ్లకు రాయితీనిచ్చేందుకు 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం ఇలాంటి ఇళ్లకు బాగా అక్కరకొస్తుంది. రాయితీ 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు రూ.30,000, మూడో కిలోవాటుకు రూ.18,000, ఆపైన ఎంత సామర్థ్యం పెట్టుకున్నా మొత్తం రూ.78,000 దాటదు.

దరఖాస్తుకు ముందే కరెంటు బిల్లుపై ఎవరి పేరుందో చూసుకోవాలి. మన గోదావరి డెల్టాలో ఇల్లు చేతులు మారినా కరెంటు సర్వీసు తాతగారి పేరుమీదే కొనసాగడం మామూలే. దరఖాస్తుదారు పేరు బిల్లుతో సరిపోవాలి కాబట్టి, ముందుగా విద్యుత్తు కార్యాలయంలో పేరు మార్పించుకోవడం మేలు. కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని డాబా కావాలి. కొబ్బరి మట్టల నీడ ఒక్క ఫలకపై పడినా, దానితో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గవచ్చు కనుక, ఉదయం నుంచి సాయంత్రం దాకా నీడ ఎటు కదులుతుందో ఒకరోజు స్వయంగా గమనించండి.

ఈ పథకపు జాతీయ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో నమోదై, రాష్ట్రాన్ని, పంపిణీ సంస్థగా ఈపీడీసీఎల్‌ను ఎంచుకుని, సర్వీసు నంబరు, తాజా బిల్లు ఇవ్వాలి. 10 కిలోవాట్ల వరకు సక్రమంగా నింపిన దరఖాస్తుకు సాంకేతిక సాధ్యతా పరిశీలన (మీ లైను ఆ సామర్థ్యాన్ని మోయగలదా అని చూడటం) అవసరం లేదు. తర్వాత పోర్టల్‌లో నమోదైన విక్రేతతోనే ఒప్పందం చేసుకోవాలి. రాయితీకి దేశంలో తయారైన ఫలకలే చెల్లుతాయి. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది, తుపాను గాలుల సంగతీ మనకు తెలిసిందే. అందుకే ఒప్పందంలో తుప్పు పట్టని స్టాండ్లు, బలమైన బిగింపుల గురించి రాయించుకోండి. అమరిక పూర్తయ్యాక నెట్ మీటరుకు (మీరు వాడుకున్న, గ్రిడ్‌కు పంపిన కరెంటు రెండింటినీ లెక్కించే మీటరు) దరఖాస్తు చేస్తే, సిబ్బంది తనిఖీ చేసి ధ్రువీకరిస్తారు. అప్పుడు బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు పోర్టల్‌లో పెడితే రాయితీ ఖాతాలో జమవుతుంది.

ఒక్క విషయం ఒప్పందానికి ముందే తేల్చుకోవాలి. బ్యాటరీ లేని సాధారణ అమరిక గ్రిడ్‌లో కరెంటు పోగానే, లైన్‌పై పనిచేసే సిబ్బంది భద్రత కోసం తానూ ఆగిపోతుంది. ఎంత ఎండ కాస్తున్నా మీ మీటింగు మధ్యలోనే తెగిపోతుంది. కోతల్లోనూ పని సాగాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు అడగాలి. బ్యాటరీకి ఈ పథకంలో రాయితీ లేదు కాబట్టి, ల్యాప్‌టాప్, వైఫై, ఒక ఫ్యాను, ఒక దీపం వరకే లెక్కగట్టి దాని పరిమాణం నిర్ణయించుకోండి.