ఆరుద్ర పురుగు ఎర్ర మరకలా పడితే: వరంగల్ చుట్టుపక్కల ప్రకృతి ఫోటోలకు సమస్య - పరిష్కారం

హన్మకొండలో మా ఇంటి నుంచి వడ్డేపల్లి చెరువు కట్టకు నడిచి పోతే పదిహేను నిమిషాలు. ఏడేళ్లుగా నా ఫోటోలన్నీ దాదాపు అక్కడివే. ఆదివారం పద్మాక్షి గుట్ట, ఊరి అంచున చెల్కలు, రెండు రోజులు సెలవు దొరికితే పాకాల చెరువు. ఒకే చోటికి ఏడాది పొడవునా పోతుంటే ఒక సంగతి తెలిసొచ్చింది. రోహిణి కార్తెలో ఫోటో చెడిపోయే తీరు వేరు, ఆరుద్రలో వేరు, సంక్రాంతి చలిలో వేరు. మనం మాత్రం ప్రతిసారీ లెన్స్‌నో ఫోన్‌నో తప్పుపడతాం. ముందు ఏ కార్తెలో ఉన్నామో చూసుకోండి, తర్వాత టైమ్ చూసుకోండి, ఆ తర్వాత మీరు ఎంత దూరంలో నిలబడ్డారో చూసుకోండి. ఈ మూడూ కుదిరాక కూడా ఫోటో రాకపోతే అప్పుడు కెమెరాను అనుమానించొచ్చు.

పురుగు ఎర్రటి మరకలా పడింది, ఒంటి మీద నూగు కనిపించట్లేదు

మృగశిరలో రెండు మంచి వానలు పడి, మర్నాడు పొద్దున కాస్త ఎండ తగిలితే ఎర్ర చెల్కల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. మిగతా ఏడాదంతా దాదాపు నేల లోపలే ఉంటాయి. ఉసిళ్లు లేచే రోజులే వాటికి తిండి రోజులు. ఆ కొద్ది రోజులూ పోతే మళ్లీ ఏడాది ఆగాలి, అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ఫోటో పెద్దది చేసి చూడండి. మట్టి రేణువులు స్పష్టంగా ఉంటాయి, పక్కన గడ్డిపోచ స్పష్టంగా ఉంటుంది, పురుగు ఒక్కటే ఎర్ర ఇంకు చుక్కలా ఉంటుంది. ఫోకస్ తప్పిందనుకుని మళ్లీ మళ్లీ తీస్తాం, మళ్లీ అదే వస్తుంది. తప్పు ఫోకస్‌ది కాదు. కెమెరా వెలుతురును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పాళ్లుగా కొలుస్తుంది. మొత్తం మీద వెలుతురు సరిపోయిందని లెక్కేస్తుంది కానీ, ఆ పురుగు దగ్గర ఎరుపు పాలు నిండి పొంగిపోయి ఉంటుంది. కడవ నిండాక పోసిన నీళ్లకు లెక్క ఉండనట్టే, పొంగిన చోట నూగుకూ మడతకూ మధ్య తేడా ఏమీ మిగలదు.

అందుకని ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోలోకి తీసుకునే వెలుతురును, 0.7 నుంచి 1 స్టాప్ దాకా తగ్గించి తీయండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది). తెర మీద మట్టి కాస్త నల్లబడ్డట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు, తర్వాత ఇంట్లో పెంచుకోవచ్చు. పోయిన ఎరుపును మాత్రం తిరిగి తేలేరు. హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమన, వెలుతురు కుడిన చూపించే గ్రాఫ్) చూసేటప్పుడు తెల్ల గీత ఒక్కటే ఉన్నది కాకుండా మూడు రంగులు విడివిడిగా చూపించేది పెట్టుకోండి. ఎర్ర గీత కుడి గోడకు గుద్దుకుందంటే ఇంకా తగ్గించాలి. కలర్ సెట్టింగ్ ‘వివిడ్’లో ఉంటే ‘న్యూట్రల్’కు మార్చండి, వీలైతే కెమెరా తన మార్పులు చేయకుండా దాచే రా (RAW) ఫైల్‌లో తీయండి. ఎండ బాగా ఉంటే మీ నీడే పురుగు మీద పడేలా కూర్చోండి, చాలా తేడా వస్తుంది. ఫోన్‌లో అయితే పురుగు మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే సరి.

ఇంత చేసినా మసగ్గానే ఉందంటే అప్పుడు అది ఫోకస్ సమస్యే. చాలామంది ఫోన్‌ను పురుగు నెత్తి మీదికి తెస్తారు. చాలా ఫోన్లలో మెయిన్ లెన్స్ అంత దగ్గర ఫోకస్ చేయలేదు. జానెడు వెనక్కి వచ్చి రెండింతలు జూమ్ చేయండి. కెమెరా వాళ్లు అపర్చర్‌ను (లెన్స్ రంధ్రాన్ని) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెట్టి, మోచేతులు నేలకానించి బోర్లా పడుకోవాలి. నిలబడి పైనుంచి తీస్తే వీపే వస్తుంది. నేల ఎత్తున చూస్తే ఎనిమిది కాళ్లు, ముందు కాళ్లు తడుముకుంటూ నడిచే తీరు కనిపిస్తాయి. అది సాలీడు చుట్టం, ఆరు కాళ్ల పురుగు కాదని అప్పుడు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఫోటో కోసం అరచేతిలోకి తీసుకోకండి. తాకితే కాళ్లు ముడుచుకుంటుంది. ఏమీ చేయకుండా రెండు నిమిషాలు ఆగండి, అదే విప్పుకుని నడుస్తుంది.

ఇదే సమస్య శివరాత్రి దాటాక మోదుగు పూల దగ్గర మళ్లీ వస్తుంది. ములుగు దారిలో ఆకు ఒక్కటి లేకుండా చెట్టంతా పూసి ఉంటుంది, ఫోటోలో మాత్రం నారింజ ముద్ద. మందు అదే.

ఇంట్లోంచి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి

ఏసీ గదిలో చల్లబడిన గాజుకు వానాకాలపు తేమ గాలి తగులుతుంది, అంతే. తుడిస్తే మళ్లీ పడుతుంది. ముందురోజు రాత్రే కెమెరాను ఏసీ లేని గదిలో పెట్టండి. మర్చిపోతే, జిప్ కవర్‌లో మూసి ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. అసలు భయపడాల్సింది ఆవిరికి కాదు, ఫంగస్‌కు. తడిసిన బ్యాగులోనే కెమెరాను వారాల తరబడి వదిలేస్తే లెన్స్ లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు లేస్తాయి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చవకగా దొరికే తేమ మీటర్ ఒకటి చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి.

కొంగ తెల్ల ముద్దలా, పసులపోలిగాడు నల్ల ముద్దలా

నాట్ల ముందు పొలం దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెంటే కొంగలు నడుస్తాయి. ఫోటోలో బురద చక్కగా వస్తుంది, కొంగకు ఈక ఒక్కటీ కనిపించదు. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి బురదే కాబట్టి కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, ఆ పెంచింది కొంగ మీద పడుతుంది. 1 స్టాప్ తగ్గించండి. పసులపోలిగాడికి దీనికి తిరగేసి చేయాలి. పేరులోనే పసులున్నాయి, బర్రె వీపు మీదో కరెంటు తీగ మీదో కూర్చుంటాడు. వెనక మబ్బు పట్టిన తెల్లటి ఆకాశం ఉంటే కెమెరా వెలుతురు తగ్గించేసి వాణ్ని బొగ్గు చేస్తుంది. 1 నుంచి 1.7 దాకా పెంచండి, ఆకాశం తెల్లబడితే తెల్లబడనివ్వండి. కన్ను కనిపించాలి, రెండుగా చీలిన తోక మీద నీలి మెరుపు కనిపించాలి.

తాటి మట్టలకు వేలాడే గిజిగాడి గూళ్లు నల్లగా రావడానికీ కారణం ఇదే, మందూ ఇదే. ఇంకొకటి. గూడు స్పష్టంగా కనిపించడానికి అడ్డున్న మట్టనో కొమ్మనో విరవకండి. ఆ అడ్డే కాకి కంట పడకుండా గూటిని కాస్తుంది. సగం అల్లిన గూళ్లు ఉన్న చెట్టు వెతుక్కుంటే మంచిది. మగపిట్ట సగం అల్లి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా గూడు పూర్తి చేస్తుంది. ఆ తతంగం దూరం నుంచి గంటసేపు చూడొచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పాలపిట్ట రెక్క విప్పితే అంతా మసక

కూర్చున్న పాలపిట్ట అంతగా ఆకట్టుకోదు. నీలమంతా రెక్కల్లోనే దాచుకుంటుంది, విప్పినప్పుడే చూడాలి. అప్పుడు షట్టర్ 1/500 సెకనులో ఉంటే రెక్క చెదిరిపోతుంది. 1/2000 పెట్టండి, దానికోసం ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 1600కు పోయినా పర్వాలేదు. గరుకు ఫోటోను బాగు చేసుకోవచ్చు, చెదిరిన రెక్కను చేసుకోలేం.

స్పీడ్ పెంచినా దొరకట్లేదంటే మీరు ఆలస్యంగా నొక్కుతున్నారు. ఎగిరాక వెంటపడొద్దు. అది తీగ మీద కూర్చుని నేలకేసి చూస్తూ మిడత కనిపిస్తే దూకుతుంది, తరచుగా మళ్లీ అదే తీగకు వస్తుంది. కదిలేదాన్ని వెంబడించే కంటిన్యువస్ ఫోకస్‌లో దాని మీదే ఉంచి, మెడ ముందుకు చాచి ఒళ్లు వంచినప్పుడు బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసేది) నొక్కండి. మొదటి పాతికలో ఒకటి కూడా రాకపోవచ్చు, నాకు రెండు దసరాలు పట్టింది.

దసరా రోజు పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపించి డబ్బులడిగేవాళ్లు ఉంటారు. ఆ ఫోటో తీయకండి, డబ్బులివ్వకండి. పిట్టను పట్టి బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జమ్మికి పోయే దారిలో తీగల మీద చూడండి, తెలంగాణ రాష్ట్ర పక్షి మీకు స్వేచ్ఛగానే కనిపిస్తుంది.

మంచులో లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది

డిసెంబర్, జనవరి పొద్దున్నే పాకాల ఒడ్డున ఇది తప్పదు. గణపతిదేవుడి కాలంలో కట్టిన ఆ చెరువు ఏడింటిదాకా మంచులోనే ఉంటుంది, అవతలి గుట్టలు కూడా కనిపించవు. ఆటోఫోకస్‌కు వెలుగునీడల అంచు కావాలి. మంచులో అంచులు ఉండవు కాబట్టి అది వెతుక్కుంటూనే ఉంటుంది. మీకు కావలసిన దూరంలోనే ఒక మొద్దో పడవ అంచో చూసుకుని, ఒకే పాయింట్‌తో దాని మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి వదిలేయండి. మంచు బూడిద రంగులో పడుతుంటే 0.7 పెంచండి. పొద్దు పొడిచేటప్పటి బంగారు రంగు ఫోటోలో పోతుంటే వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిచేసే సెట్టింగ్) ఆటోలో ఉందన్నమాట, దాన్ని ‘డేలైట్’కు మార్చండి.

ఎండాకాలం దూరంలో ఉన్నవన్నీ అలలు అలలుగా

ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు, నేనూ ఒకసారి లెన్స్‌ను రిపేరుకు ఇచ్చాను. అందులో ఏ లోపమూ లేదు. కాగిన నేల నుంచి వేడి గాలి పైకి లేస్తుంటే దాన్ని దాటి వచ్చే వెలుతురు వంకర్లు పోతుంది, ఎండమావి పుట్టేది కూడా ఇలాగే. మీకూ దానికీ మధ్యలో వేడి గాలి ఎంత ఎక్కువుంటే మసక అంత ఎక్కువ. ఖిల్లా రాళ్ల మీద, తారు రోడ్డు మీద మరీ ఎక్కువ. ఇంకా పెద్ద లెన్స్ కొంటే ఆ అలలే ఇంకా పెద్దగా కనిపిస్తాయి. దీనికి కెమెరాలో సెట్టింగ్ లేదు. ఏడున్నరలోపు తీసి ఇంటికి రండి, లేదా దగ్గరున్నవే తీయండి.

రోహిణిలో నేను కట్టకు పోవడం మానేసి మేడ మీద చిట్టిగోడ నీడలో వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెడతాను. రోజూ కడిగి కొత్త నీళ్లు పోయాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మెట్ల గది తలుపు సందు నుంచి మూకుడుకు నాలుగు గజాలు, మధ్యలో అలలు లేచేంత గాలి లేదు. మూడో రోజుకు పిగిలిపిట్టల జంట వచ్చింది. ముందు ఒకటి అంచు మీద వాలి నాలుగు దిక్కులూ చూసింది, ముక్కు ముంచి తల పైకెత్తి మింగింది. రెండోది దిగి స్నానం మొదలుపెట్టాక తోక కింద ఎరుపు కనిపించింది. అప్పటికే 0.7 తగ్గించి పెట్టుకున్నాను.