ఒడిశా సరిహద్దు ఊళ్లలో సర్కారు బంజరుకు పట్టా ఎలా తెచ్చుకోవాలి?

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాల్లో తరాలుగా కౌలుకో కూలికో చేస్తూ సొంతానికి సెంటు భూమి లేనివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు తహసీలు ఆఫీసుకు వెళ్లి “బాబూ, కాస్త భూమి ఇప్పించండి” అని కాగితం పెట్టి వస్తారు. ఆ కాగితం కదలదు. మా వీధిలో ఒక పిన్ని పెట్టిన అర్జీ రెండేళ్లు అలాగే పడి ఉంది. ఏ ఊరిలో, ఏ ప్లాటు, ఎంత అన్నది అందులో లేదు మరి. అందుకే భూమి అడగడానికి ముందు భూమిని వెతకాలి. ఈ పనిలో సగం అదే.

ముందు రికార్డు చూడండి

ఒడిశా సర్కారు భూరికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, ఊరు ఎంచుకుంటే ఖాతాల వారీగా భూమి లెక్క కనిపిస్తుంది. అంతా ఒడియాలోనే ఉంటుంది. మనలో చాలామందికి మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మొహమాటపడకుండా హైస్కూలుకు వెళ్లే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

వాళ్ల చేత ముందు సర్కారు ఖాతాల పేర్లు చదివించండి. ‘ఆబాద జోగ్య అనాబాదీ’ అంటే సాగుకు పనికొచ్చే బంజరు. మీకు కావలసింది అదే. ‘ఆబాద అజోగ్య అనాబాదీ’ అంటే సాగుకు పనికిరాదని రాసిన నేల. ‘రక్షిత’, ‘సర్వసాధారణ’ ఖాతాల్లో పశువుల బీడు, శ్మశానం, చెరువు గట్టు, దారి లాంటివి ఉంటాయి. వీటిని ఆ జాబితాలోంచి పైఅధికారి తప్పిస్తే గాని ఎవరికీ ఇవ్వరు. గోచర్ అని రాసి ఉన్న బీడు జోలికి పోకండి. ఊళ్లో ఆవులున్న ప్రతి ఇల్లూ మీకు అడ్డం తిరుగుతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఆ తర్వాత ‘కిసమ్’ గడి, అంటే నేల రకం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చోటంతా తుప్పలు, ఒక్క చెట్టూ లేదు, కాని కిసమ్‌లో ‘జంగల్’ అని ఉంటుంది. అలా ఉంటే తహసీల్దారు దానికి పట్టా ఇవ్వలేడు. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రికార్డులో అడవి అని ఉన్నదంతా అడవే. ఎదుట కనిపించే నేల కాదు, గడిలో ఉన్న మాటే లెక్క. ‘మంతవ్య’ గడి, అంటే వివరణలు రాసే చోటు, కూడా వదలకండి. ఆ ప్లాటును ఎవరైనా ఆక్రమించుకుని ఉంటే ఒక్కోసారి అక్కడే రాసి ఉంటుంది.

ఎంత అడగొచ్చు?

సర్కారు భూమి ఇచ్చేది ఒడిశా ప్రభుత్వ భూముల సెటిల్‌మెంట్ చట్టం, 1962 కింద. భూమిలేని సాగుదారుకు 1 స్టాండర్డ్ ఎకరం వరకు ఇవ్వొచ్చు. ఇది మామూలు ఎకరం కాదు. నీటి వసతితో రెండు పంటలు పండే నేలైతే 1 ఎకరం, నీరున్నా ఒకే పంట పండేదైతే ఎకరంన్నర, వానాధారంగా వరి పండేదైతే 3 ఎకరాలు, మిగిలిన మెట్ట అయితే నాలుగున్నర ఎకరాలు. కాబట్టి గరువు నేల అడిగేవాళ్లు “ఒక ఎకరం” అని రాసి ఊరుకోకూడదు.

ఇంటి జాగా లెక్క వేరు. ఇల్లూ స్థలమూ లేని కుటుంబానికి ‘వసుంధర’ పథకం కింద 10 డిసిమిల్ మించకుండా ఇస్తారు, చేతికి వచ్చేది అంతకన్నా తక్కువే కావచ్చు. డిసిమిల్ అంటే కొత్తదేం కాదు, మన సెంటే. ఎకరంలో నూరో వంతు, 435.6 చదరపు అడుగులు.

కాగితాలు, అర్జీ

అర్జీలో ఊరు, ఖాతా, ప్లాటు నంబరు, కిసమ్, విస్తీర్ణం రాయండి. ఆధార్, రేషన్ కార్డు, నివాస పత్రం, ఆదాయ పత్రం జత చేయండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ పెట్టండి. పట్టా ఇద్దరి పేరా ఉంటే రేపు ఒకరు తాకట్టు పెట్టేస్తారన్న భయం కూడా తగ్గుతుంది.

సరిహద్దు కుటుంబాలకు కుల పత్రం దగ్గర ఒక చిక్కుంది. శ్రీకాకుళం వైపు పుట్టింటి నుంచి తెచ్చిన ఎస్సీ, ఎస్టీ పత్రం ఒడిశాలో చెల్లదు. రెండు రాష్ట్రాల జాబితాలు వేరు. ఈ చట్టం కింద ఇచ్చే భూమిలో పెద్ద వాటా ఎస్సీ, ఎస్టీలకే కేటాయించారు కాబట్టి ఈ పత్రం ముఖ్యం. అవతల ఊళ్లో భూమి ఉంటే దాచకండి. అభ్యంతరాలు అడుగుతూ ఊళ్లో దండోరా వేసిన రోజున ఎవరో ఒకరు చెప్పేస్తారు.

అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. తర్వాత ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) విచారణకు వస్తారు, అమీన్, అంటే సర్వేయరు, గొలుసు వేసి కొలుస్తారు, ఊళ్లో ప్రకటన చేసి ఆక్షేపణలు పిలుస్తారు. తహసీల్దారు చూసేది ఆర్.ఐ. రిపోర్టునే కాబట్టి ఆయన వచ్చే రోజు కూలి మానుకునైనా పొలంలో ఉండండి. హద్దు రైతులనూ పిలవండి. వాళ్లు అక్కడే “మాకు అభ్యంతరం లేదు” అంటే సగం గొడవ తీరినట్టే. మధ్యలో ఎవడో వచ్చి “నాకు తెలిసినవాళ్లున్నారు” అంటాడు. ఆ డబ్బుతో గేదె దూడను కొనుక్కోవడం మేలు.

ఫైలు కదలకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల అర్జీ పెట్టి, నా దరఖాస్తు ఏ స్థితిలో ఉందని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. తహసీల్దారు కాదంటే సబ్‌కలెక్టరు దగ్గర అప్పీలుంది.

ఇప్పటికే దున్నుకుంటున్నవాళ్లు

మీ మీద 1972 ఆక్రమణల నిరోధక చట్టం కింద కేసు ఉంటే భయపడి దాచుకోకండి. ఎవరికీ అభ్యంతరం లేని ప్లాటు అయితే, మీరు నిజంగా భూమిలేనివాళ్లయితే, ఆ చట్టంలోనే దాన్ని మీ పేర సెటిల్ చేసే వీలుంది. అప్పట్లో తిట్టుకుంటూ కట్టిన జరిమానా రసీదే ఇవాళ మీరు అన్నేళ్లుగా అక్కడ ఉన్నారని చెప్పే సాక్ష్యం. తాతల పెట్టెలో పాత కాగితాలుంటే అవీ తీయండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. తెలుగులో రాసిన పాత దస్తావేజులు ఇళ్లలో ఇంకా దొరుకుతాయి. నోటరీ చేత ఒడియా అనువాదం చేయించి పెట్టండి.

కొండ ప్రాంతంలో

రాయగడ, కొరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న చోటు. గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులూ ఆర్.ఉదయగిరీ అందులోవే. అక్కడ గిరిజనుల భూమిని తెల్లకాగితం మీద కొనుక్కుని “నాకూ ఎకరముంది” అనుకోకండి. గిరిజనుల భూముల బదిలీపై 1956లో తెచ్చిన రెగ్యులేషన్‌కు చేసిన సవరణ 2002 సెప్టెంబరు 4న అమల్లోకి వచ్చాక, గిరిజనేతరుడికి అలాంటి బదిలీ ఏ రకంగానూ చెల్లదు. డబ్బూ పోతుంది, పేరూ పోతుంది.

అడవి అంచున సాగు చేసేవాళ్లది వేరే దారి, 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉండాలి, గరిష్ఠంగా 4 హెక్టార్లు. గిరిజనులు కానివాళ్లు అదనంగా మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా, అడవినే నమ్ముకుని అక్కడ బతికినట్టు చూపాలి. మన వలస కుటుంబాల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అర్జీ తహసీలుకు కాదు, గ్రామసభ ఏర్పాటు చేసిన అటవీ హక్కుల కమిటీకి ఇవ్వాలి. ఊరి పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమే. రెండు రకాల ఆధారాలైనా జత చేయండి.

పట్టా చేతికి వచ్చాక

అమీన్ చేత హద్దు రాళ్లు పాతించుకోండి, శిస్తు కట్టి రసీదు దాచండి, మొదటి వానకే దున్నండి. సాగు చేయకపోతే, ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడితే వెనక్కి తీసుకునే హక్కు సర్కారుకు ఉంది. తర్వాత భూలేఖ్‌లో మీ పేరు ఎక్కిందో లేదో చూసి, అక్షరం అక్షరం చదివించుకోండి. మన పేర్లు ఒడియాలోకి వెళ్లేసరికి అప్పలనాయుడు రెండు ముక్కలవుతాడు, ఇంటిపేరు వెనక్కి పోతుంది. ఆధార్‌లో ఒకలా, ఖాతాలో ఒకలా ఉంటే వరి అమ్మడానికి పేరు నమోదు చేసుకునేటప్పుడు ఆపేస్తారు. సవరణ అర్జీ ఆ వారంలోనే పెట్టేయండి.