వాక్యం ముందు మన నోటికి, తర్వాతే ఎదుటివాళ్ల చెవికి

మా స్త్రీల కూడికకు కొత్తగా వచ్చే అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "ఆంటీ, రోజూ బైబిలు చదువుతున్నాం, ప్రార్థన చేసుకుంటున్నాం. కానీ పిల్లాడు పాలు ఒలకబోస్తే నోట్లోంచి వచ్చే మాట మాత్రం మారట్లేదు. ఏం చెయ్యాలి?"

పొద్దున చదివిన అధ్యాయం వంటింటిదాకా రావాలంటే చదివి మూసేస్తే సరిపోదు, కంఠతా రావాలి. గుంటూరు చుట్టుపక్కల లూథరన్ సంఘాల్లో పెరిగిన మాకు సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పడం అలవాటే. పెద్దయ్యాక ఆ అలవాటు పిల్లలకే వదిలేస్తాం. నా మట్టుకు అది పిల్లలకన్నా పెద్దవాళ్లకే ఎక్కువ అవసరం. పిల్లల నోటికంటే మన నోటితోనే ఇల్లు ఎక్కువ దెబ్బతింటుంది.

వారానికి ఒక్క వాక్యం పెట్టుకోండి. అంతకన్నా వద్దు. దాన్ని ఎంచుకునేటప్పుడు అందరికీ నచ్చే వాగ్దానం కోసం వెతక్కండి. మీ నోరు ఎక్కడ జారుతుందో మీకు తెలుసు, అక్కడికి పనికొచ్చేది తీసుకోండి. కోపం ఎక్కువైతే సామెతలు 15:1. పక్కింటివాళ్ల సంగతులు మాట్లాడకుండా ఉండలేకపోతే కీర్తన 141:3, "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము." ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే అందుకునే అలవాటుంటే యాకోబు 1:19. మాటల్లో ముల్లు పెట్టి గుచ్చే అలవాటుంటే సామెతలు 12:18, "కత్తిపోటువంటి మాటలు పలుకువాడు కలడు, జ్ఞానుల నాలుక ఆరోగ్యదాయకము." రాత్రిళ్లు భయంతో నిద్రపట్టనివాళ్లు 121వ కీర్తన మొదటి రెండు వచనాలు తీసుకోవచ్చు. మనసులో మనతో మనం మాట్లాడుకునేవీ మాటలే కదా.

పాత క్యాలెండర్ అట్ట చింపి, వాక్యాన్ని మీ చేతిరాతతోనే రాయండి. అచ్చువేసిన కార్డులు అందంగా ఉంటాయి కానీ నాలుగు రోజులకు వాటి మీద కన్ను ఆగదు. నోరు జారే చోటే ఆ అట్ట పెట్టండి. కొందరికి అది పొయ్యిగట్టు, కొందరికి ఫోను చార్జింగు పెట్టే చోటు, కొందరికి బండి తాళాలు తగిలించే మేకు.

కంఠతా పట్టడం సండే స్కూల్లోలాగే. ముందు రిఫరెన్సు, తర్వాత వాక్యం, చివర మళ్లీ రిఫరెన్సు. పెదవులు కదిలేలా, చెవికి వినిపించేలా పలకాలి. ఊపిరి ఆగే చోట ముక్కలు చేసుకోండి. "మృదువైన మాట, క్రోధమును చల్లార్చును, నొప్పించు మాట, కోపమును రేపును." నాలుగు ముక్కలు. మొదటి రోజు చూసి చదవండి. తర్వాత చివరి ముక్క వేలితో మూసి చెప్పండి, ఆ తర్వాత రెండు ముక్కలు మూయండి. అంట్లు తోముతున్నప్పుడో, బస్టాండుకు నడుస్తున్నప్పుడో చెప్పుకోండి. దీనికి విడిగా టైం కేటాయిస్తే రెండో వారానికే ఆగిపోతుంది. "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అని మొదటి కీర్తన చెప్పేది పనుల మధ్య జరగాల్సిందే.

చదువు రాని అత్తగారో అమ్మమ్మో ఇంట్లో ఉంటే వాళ్లకు మీరు చెప్పి పలికించండి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారి కాలంలో, చదువు రాని పల్లెవాళ్లు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం విని, పాడి, నోటికి నేర్చుకున్నారు. మన విశ్వాసం చాలావరకు అలా చెవి ద్వారానే మన ఇళ్లకు వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషికి కళ్లు కనబడకపోయినా ఇరవైమూడో కీర్తన తప్పులేకుండా వస్తుందంటే అది చిన్నప్పుడు చెవిన పడ్డదే.

ఇంకో నియమం, దీన్ని మాత్రం వదిలిపెట్టొద్దు. ఏ వాక్యం తీసుకున్నా దాని అధ్యాయమంతా ఒక్కసారైనా చదవండి. యిర్మీయా 29:11 ప్రతి ఇంటి గోడ మీదా ఉంటుంది, "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అని. దానికి ముందున్న పదో వచనం డెబ్బై సంవత్సరాలు గడిచాకే తిరిగి రప్పిస్తానని చెబుతుంది. అది బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్లకు దేవుని మాటగా యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణపు క్షేమం కోరండి అని వాళ్లకు చెబుతున్నాడు. వీసా కోసమో ఉద్యోగం కోసమో ఎదురుచూసే పిల్లలకు ఆ వాగ్దానం ఇచ్చేటప్పుడు ఆ ఉత్తరమంతా చదివి ఇవ్వండి. ఆలస్యమైనప్పుడు ఆ పిల్ల దేవుడు మాట తప్పాడనుకోదు.

కోపం వచ్చిన ఆ క్షణంలో

మళ్లీ ఆ పాల గ్లాసు దగ్గరికి వద్దాం. గ్లాసు పడింది, పాలు బల్ల అంచు మీంచి కారుతున్నాయి, స్కూలు ఆటో హారన్ కొడుతోంది. అప్పుడు పెదవులు మూసుకుని ఆ వారపు వాక్యాన్ని రిఫరెన్సుతో సహా లోపల చెప్పుకోండి. అది పూర్తయ్యేంతవరకు పిల్లాడితో ఏమీ అనొద్దు. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పండి: "గుడ్డ తెచ్చి తుడువు నాన్నా. గ్లాసు రెండు చేతులతో పట్టుకో." మృదువైన మాట అంటే తప్పును వదిలేయమని కాదు. తుడవాల్సింది వాడే. కానీ జరిగిన తప్పు గురించే మాట్లాడండి, వాడి పుట్టుక గురించీ వాళ్ల నాన్న పోలికల గురించీ కాదు.

మన ఇళ్లలో అలవాటుగా నోట్లోంచి వచ్చే మాటలు ఎలాంటివో చూడండి. "దరిద్రుడా." "శనిలా దాపురించావు." "నీకు ఈ జన్మలో చదువు రాదు." "ఎందుకు పుట్టావురా నా కడుపున." విసుగులో అన్నామంతే అంటాం. కానీ "ఒక్క నోటనుండియే ఆశీర్వచనమును శాపవచనమును బయలువెళ్లును, నా సహోదరులారా, యీలాగుండ కూడదు" అని యాకోబు మూడో అధ్యాయం పదో వచనం మనకోసమే ఉంది. ఆరాధనలో చేతులెత్తి పాడిన నోరే ఇంటికొచ్చి కన్నబిడ్డను శని అంటోంది. మీ ఇంట్లో వాడే ఇలాంటి మాటల్ని ఒక కాగితం మీద రాసి చూడండి. రాసేటప్పుడే చెయ్యి ఆగుతుంది. వాటికి బదులు పిల్లల పేరు పెట్టి పిలవడం అలవాటు చేసుకోండి. వట్టి పేరు చాలు.

దీనికి తోడు రాత్రి పడుకోబెట్టేటప్పుడు పిల్లల తల మీద చెయ్యి వేసి సంఖ్యాకాండము 6:24 నుంచి 26 వరకు పలకండి. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని మొదలవుతుంది. ఆరాధన చివర అయ్యగారు ఇచ్చే దీవెన అదే. పగలు తిట్లు తిన్న బిడ్డకు ఈ మాటలు ఎంత అవసరమో చెప్పలేను. హాస్టల్లో ఉన్నవాళ్లకైతే ఫోన్లో చెప్పండి. ఎదిగిన మగపిల్లలు "సరేలేమ్మా" అంటారు, అయినా మానొద్దు.

ఎదుటివాళ్లకు చెప్పేటప్పుడు

ఒకళ్ల ఇంట్లో చావు జరిగింది. వెళ్లిన పది నిమిషాలకే ఎవరో ఒకరు "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని రోమా 8:28 అందుకుంటారు. ఆ వాక్యం సత్యమే, కానీ శవం ఇంకా ఇంట్లో ఉండగా ఆ తల్లికి అది చెప్పాల్సిన వేళ కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నప్పుడు ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు చేసినవాటిలో మంచి పని అదే. నోరు తెరిచాకే తప్పు మొదలైంది. చనిపోయిన లాజరు కోసం ఏడుస్తున్నవాళ్ల మధ్య, కాసేపట్లో వాణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా, "యేసు కన్నీళ్లు విడిచెను." కాబట్టి పక్కన కూర్చోండి, మంచినీళ్లు ఇవ్వండి, వచ్చినవాళ్లకు టీ పెట్టండి. వాక్యం వాళ్లు అడిగినప్పుడు చదవండి, చిన్నది చదవండి. "విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు" అనే కీర్తన 34:18 చాలు.

ఆసుపత్రికి వెళ్తే మంచం పక్కన నిలబడి ప్రసంగం చెయ్యకండి. చదవమంటారా అని అడిగి, నాలుగు వచనాలు చదివి, క్లుప్తంగా ప్రార్థన చేసి, మందులు తేవాలా, రాత్రికి తోడుండాలా అని కనుక్కోండి. స్వస్థత వాక్యాలు పలుకుతున్నాం కదా అని బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మానేయమని ఎవరికీ చెప్పొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. హిజ్కియా రాజుకు మరో పదిహేనేళ్లు బతుకుతావని దేవుని మాట తెచ్చిన యెషయా ప్రవక్తే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పాడు. యెషయా గ్రంథం 38వ అధ్యాయం 21వ వచనంలో ఉంది చూడండి. యెషయాకు ఆ రెంటి మధ్య వైరం కనబడలేదు. పలికినంత మాత్రాన అయిపోవడానికి వాక్యం మంత్రం కాదు. అపవాదియైన సాతాను కూడా దేవాలయ శిఖరం మీద యేసును శోధిస్తూ 91వ కీర్తన అప్పజెప్పాడు. శక్తి ఉన్నది పలికిన దేవునిలో, మనం పలికిన శబ్దంలో కాదు.

భార్యాభర్తల మధ్య ఒక్కటే చెబుతాను. ఎదుటివాళ్లకు రాసిన వచనాన్ని మనం చదివి వినిపించకూడదు. లోబడమనే ఎఫెసీ 5:22 భార్యకు, ప్రేమించమనే 25 భర్తకు. ఎవరి వచనం వాళ్లే కంఠతా పట్టాలి. కొట్టే ఇంట్లో ఉన్న ఆడపిల్లకు మాత్రం లోబడమనే వాక్యం చెప్పి వెనక్కి పంపకండి. ఆమెను మీ ఇంట్లో కూర్చోబెట్టి 181 మహిళా హెల్ప్‌లైనుకు ఫోను కలిపి ఇవ్వండి.

ఇక మాట జారిపోయిన రోజు సంగతి. జారుతుంది, ఎన్ని వాక్యాలు వచ్చినా జారుతుంది. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" కాబట్టి కుటుంబ ప్రార్థనకు చాప పరవకముందే ఆ మనిషి దగ్గరికి వెళ్లండి, కోడలైనా సరే, ఏడేళ్ల పిల్లాడైనా సరే. ఏ మాట అన్నారో ఆ మాట పేరు పెట్టి చెప్పండి: "పొద్దున నిన్ను పనికిమాలినదానివి అన్నాను. అది తప్పు. నన్ను క్షమించు." అక్కడ ఆపాలి. "కానీ నువ్వు కూడా" అని మొదలుపెట్టొద్దు, వెనకాలే క్షమించాలని చెప్పే వాక్యం చదివి ఆ అమ్మాయిని ఇరుకున పెట్టొద్దు. ఆమె వెంటనే ఏమీ అనకపోతే అననివ్వండి. ఆ రాత్రి ప్రార్థనలో పాట ఏది పాడాలో ఆమెనే అడగండి.