పనిముట్లు కడిగే చేతికి ముందు టీకా

మా పళ్ల క్లినిక్‌లో కుర్చీలు రెండే. అసిస్టెంటుగా ఎవరు చేరినా నేను మొదట అడిగేది, "హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా?" అని. "చిన్నప్పుడు వేయించే ఉంటారండి" అంటారు. ఆ టీకా పసిపిల్లల కార్యక్రమంలో భాగంగా దేశమంతటికీ చేరింది 2011లో. ఇప్పుడు పనికి వచ్చేవారంతా అంతకుముందు పుట్టినవారే. అందుకే నేను మాట నమ్మను, కార్డు చూపమంటాను.

టీకా లేని చేతిలో హెపటైటిస్ బి ఉన్న రోగికి వాడిన సూది దిగితే, వైరస్ సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్ఐవికి అది 0.3 శాతమే. అయినా జనం వణికేది హెచ్ఐవి పేరు చెబితేనే! ట్రే అంచున ఎండిన రక్తపు మరకలో కూడా హెపటైటిస్ బి వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది.

మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. భుజానికే వేయించుకోవాలి, పిరుదుకు వేస్తే సరిగా పనిచేయదు. మూడోది ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, మిగిలింది వేయించుకుంటే చాలు. ఒకప్పుడు ఇది దిగుమతి చేసుకునే ఖరీదైన టీకా. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఇక్కడే తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. ఇంకా ఖర్చు సాకు చెప్పే యజమానులంటే నాకు గౌరవం లేదు.

మూడో డోసు తర్వాత ఒకటి, రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేయించండి. టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చెప్పే పరీక్ష ఇది. ఫలితం 10 లేదా ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టే. తక్కువైతే మూడు డోసులూ మరోసారి వేయించుకోవాలి. దాదాపు అందరూ వదిలేసేది ఈ పరీక్షనే.

డాక్టరు చేతిలో సూది ఉండేది కాసేపే. సింకు దగ్గర నిలబడే అమ్మాయి మాత్రం స్కేలర్లు, ప్రోబుల వంటి మొనదేలిన పనిముట్లను గంటలకొద్దీ తోముతుంది. ఆమెకు పరీక్షకు వాడే పల్చటి గ్లవ్స్ ఇవ్వకండి, మందపాటి రబ్బరు గ్లవ్స్ కొనివ్వండి. పనిముట్లను గుప్పెడుగా పట్టి కాకుండా ఒక్కొక్కటిగా, పొడవాటి పిడి ఉన్న బ్రష్‌తో కడగాలి. సూదికి మూత పెట్టక తప్పకపోతే మూతను ట్రే మీద ఉంచి, ఒక్క చేత్తోనే సూదిని అందులోకి దూర్చాలి. వాడేసిన సూదులు గుచ్చినా చిరగని తెల్ల డబ్బాలోకి పోవాలి. "ఈయనకు జబ్బేమీ లేదులే" అన్న లెక్కలు వద్దు. తనకు ఉందని చాలామంది రోగులకే తెలియదు.

అయినా గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడగండి. పిండకండి, బ్లీచింగ్ పోయకండి. రోగి కుర్చీ దిగి వెళ్లిపోకముందే అనుమతి అడిగి, ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపండి. టీకా లేనివారికి ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన ప్రతిరక్షకాల ఇంజెక్షన్), టీకా మొదటి డోసు వీలైతే 24 గంటల్లో పడాలి. ఏడు రోజులు దాటాక ఆ ఇమ్యునోగ్లోబులిన్ వల్ల ఉపయోగం ఉంటుందని చెప్పలేం. యాంటీ హెచ్‌బీఎస్ 10 లేదా ఆపైన వచ్చినవారికి హెపటైటిస్ బి కోసం ఏమీ అక్కర్లేదు. హెచ్ఐవి మందుల సంగతి మాత్రం అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో అడగాలి, వాటికి గడువు 72 గంటలే.