బోరు నీళ్లతో కడిగిన కారును మరకలు లేకుండా ఆరబెట్టడం: టవల్ ఎంపిక, తుడిచే పద్ధతి

నల్ల కారో, ముదురు నీలం కారో కడిగిన పావుగంటకే బానెట్ మీద తెల్లటి చుక్కలు తేలాయంటే తప్పు షాంపూది కాదు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల పని అది. నీరు ఆవిరైపోతుంది, సున్నం మిగిలిపోతుంది. గీజర్ రాడ్డుకు, బాత్రూం కుళాయి అంచుకు పట్టే తెల్ల పొర కూడా ఇదే. విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో చాలావరకు కార్లు కడిగేది ఈ నీళ్లతోనే. అందుకే మంచి టవల్ కొనడం కంటే ముందు తేల్చుకోవాల్సింది చివరిసారి కారు మీద పోసే నీళ్లు ఏవన్నది.

ఒక స్టీలు పళ్లెంలో మీ బోరు నీళ్లు నాలుగు చుక్కలు, కార్పొరేషన్ కుళాయి నీళ్లు నాలుగు చుక్కలు వేరువేరుగా వేసి ఎండలో పెట్టండి. ఆరాక ఏది ఎంత మందంగా వలయం కట్టిందో కంటికే తెలుస్తుంది. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, కొలిచే మీటరుంటే ఇంకా తేలిక. తాగేనీటికి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా పర్వాలేదని తాగేనీటి నాణ్యతకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 చెబుతుంది. నోటికి సరిపోయే ఆ 500 కూడా నల్ల పెయింటుకు ఎక్కువే.

నురగ పోయేదాకా బోరు నీళ్లే వాడుకోండి. ఆఖరి కడుగు మాత్రం మెత్తటి, అంటే లవణాలు తక్కువున్న నీళ్లతో కానివ్వాలి. డబ్బు ఖర్చు లేకుండా దొరికేది ఏసీ పైపు నుంచి కారే నీరు. గాలిలోని తేమ చల్లబడి నీరైనది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో, ఉక్కపోత రాత్రుల్లో పైపు కింద బకెట్ పెడితే తెల్లారేసరికి కొన్ని లీటర్లు చేరతాయి. కాయిల్ మీది దుమ్ము కూడా కలిసి వస్తుంది కనుక పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఏసీ సర్వీసింగ్‌లో రసాయనం కొట్టి ఉంటే రెండు మూడు రోజుల నీళ్లు వదిలేయండి. మొక్కలకు మందు కొట్టే అయిదు లీటర్ల పంపు స్ప్రేయర్ లాంటిది కొత్తది ఒకటి కారుకే కేటాయించి, టాపు నుంచి కిందికి పోస్తే చిన్న కారుకు ఆ అయిదు లీటర్లూ చాలు. పురుగుమందు పట్టిన పాత పంపు వద్దు.

ఆర్వో మెషిన్ వదిలే నీళ్లు వృథా పోతున్నాయని వాటితో కారు కడిగేవాళ్లున్నారు. మొదటి మట్టి వదలడానికైతే సరే. ఆఖరి కడుగుకు మాత్రం అంతకంటే చెడ్డ నీళ్లు ఇంట్లో ఉండవు. మెషిన్ తాగేనీటిలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ పైపులోకే.

ఇక టవల్ సంగతి. పాత బనియన్, చిరిగిన లుంగీ, స్నానాల తువ్వాలు... ఇవేవీ పెయింట్ మీదికి రాకూడదు. నూలు గుడ్డ నీళ్లు పీల్చదని కాదు. దాని నేత చదునుగా ఉంటుంది. కడిగినా పోని ఇసుక రేణువు ఒక్కటి దొరికితే లోపలికి పోయే చోటు లేక గుడ్డకూ పెయింటుకూ మధ్యే నలుగుతుంది. రంగు పైనున్న పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పల్చన. ఎండలో చూస్తే సాలెగూడులా గుండ్రంగా మెరిసే గీతల్లో చాలావరకు అలా నలిగిన రేణువులు గీసినవే. లుంగీ అంచు కుట్టు, బనియన్ లేబులు సరేసరి.

వాడాల్సింది మైక్రోఫైబర్ టవల్. అందులో పాలియెస్టర్, పాలీఅమైడ్ అనే రెండు రకాల పోగులు కలిసి ఉంటాయి. ప్యాకెట్ మీద 80/20, 70/30 అని రాసేది ఆ పాళ్లే. రెండో అంకె పెరిగేకొద్దీ నీళ్లు బాగా పీలుస్తుంది, మెత్తగానూ ఉంటుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో. కారంతా ఆరబెట్టే పెద్ద టవల్‌కు 800 నుంచి 1200 జీఎస్ఎం, 60 × 90 సెంటీమీటర్ల సైజు సరిపోతుంది. చిన్న కారుకు ఒకటి, ఎస్‌యూవీకి రెండు. అద్దాలకు వాఫుల్ నేత, అంటే గళ్లు గళ్లుగా ఉండేది, 300 నుంచి 400 జీఎస్ఎంలో ఒకటి. తలుపుల సందులకు, వీల్స్‌కు 40 × 40 చిన్నవి నాలుగు. అవి మంచివి కానక్కర్లేదు.

జీఎస్ఎం విషయంలో ప్యాకెట్‌ను నమ్మకండి, తూకం వేయండి. 60 × 90 అంటే 0.54 చదరపు మీటర్లు. నిజంగా 1200 జీఎస్ఎం అయితే పొడి టవల్ దాదాపు 650 గ్రాములు తూగాలి. 800 అయితే 430. వంటింటి తక్కెడలో 250 గ్రాములు చూపించిందంటే ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా అది దాదాపు 460 జీఎస్ఎం గుడ్డే. బెసెంట్ రోడ్డు మీద కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఈ లెక్క మారదు.

నేత సంగతికొస్తే, మెలితిప్పిన ఉచ్చుల్లా పోగులుండే ట్విస్టెడ్ లూప్ రకం నీళ్లు తాగడంలో ముందుంటుంది, పెయింట్ మీద పట్టుకోకుండా జారుతుంది. కుచ్చులా మెత్తగా ఉండే ప్లష్ రకం పెయింటుకు మంచిదే కానీ తడిశాక బరువెక్కి ఈడ్చుకుపోతుంది. మా ఓటు మొదటిదానికే. అంచు కుట్టు గట్టి దారంతో ఉంటే వద్దు. లేబులుంటే కత్తిరించడం కాదు, కుట్టు విప్పి తీసేయండి.

గొట్టంలో పెట్టి అమ్మే పసుపుపచ్చ షామీ, అంటే పీవీఏ గుడ్డ, చాలామంది దగ్గర ఉంది. నీళ్లు బాగానే పీలుస్తుంది. కానీ నున్నటి ముఖం కాబట్టి రేణువును దాచుకోలేదు, నూలు గుడ్డకున్న రోగమే దీనికీ ఉంది. అద్దాలకు, తలుపుల సందులకు వాడుకోండి. ఎండిపోతే అప్పడంలా బిగుస్తుంది, నానబెట్టకుండా తాకించకండి. రబ్బరు వైపర్ లాంటి వాటర్ బ్లేడు అద్దం వరకే. బానెట్ మీద ఒక్క రేణువు బ్లేడు కింద పడితే ఆ చివర నుంచి ఈ చివరకు ఒకటే గీత.

కడిగే వేళ కూడా ముఖ్యమే. వేసవిలో ఏడు గంటల లోపు, నీడలో పని అయిపోవాలి. రోహిణి కార్తెలో ఎనిమిదింటికి ఎండలో నిలిపిన బానెట్ మీద చుక్క ఆరడానికి ఎంతోసేపు పట్టదు, టవల్ చేతిలోకి తీసుకునేలోపే మరక పడుతుంది. అరచేయి బానెట్ మీద పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆగండి. ఇప్పుడే తిరిగొచ్చిన కారైతే ఇంజన్ చల్లబడాలి, నీడలో ఉందన్నది లెక్కలోకి రాదు.

గుడ్డ తాకకముందే సగానికి పైగా నీళ్లు దించొచ్చు. పైపు చివరి నాజిల్ తీసేసి, ఒత్తిడి తగ్గించి, టాపు మధ్య నుంచి నీళ్లను ధారగా, నెమ్మదిగా పారనివ్వండి. వ్యాక్స్ ఉన్న పెయింట్ మీద ఆ ధార చుక్కల్ని తనతో లాక్కుపోయి దాదాపు పొడి పలకను మిగులుస్తుంది. నాజిల్‌తో చిమ్మితే వేల చుక్కలవుతాయి. ఏసీ నీళ్లు దీని తర్వాత.

టవల్ పూర్తి పొడిగా ఉంటే మొదట పీల్చదు. కొంచెం నీళ్లు చిలకరించి పిండితే చురుగ్గా పనిచేస్తుంది. రెండు మూలలు పట్టుకుని టాపు మీద పరవండి. నొక్కొద్దు, రుద్దొద్దు. దాని బరువుకే అది తాగుతుంది. పది సెకన్లాగి మీ వైపు నెమ్మదిగా లాగండి, ఒకటే దిక్కులో. టాపు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైసగం ఈ వరసలో చేయండి. తలుపుల కిందిసగం, బంపర్లు ఆఖర్న, అదీ టవల్‌ను తిరగేసి. నిలువు పలకల మీద పరవడం కుదరదు కాబట్టి నాలుగు మడతలు వేసి అద్దండి. మడత మార్చినప్పుడల్లా కొత్త ముఖం దొరుకుతుంది, ఎనిమిది ముఖాలు. టవల్ నీళ్లు వదలడం మొదలుపెడితే పిండాలి, లేదా రెండోది తీయాలి. తడిసి ముద్దయినదాన్ని ఇంకా లాగితే పలచటి తడి పొర మిగులుతుంది, చారలు పడేది అక్కడే.

మరీ గట్టి నీళ్లయితే పలక తడిగా ఉండగానే క్విక్ డీటెయిలర్ (పెయింట్‌ను జారుడుగా, మెరుపుగా చేసే స్ప్రే) లేదా వ్యాక్స్ స్ప్రే రెండు పిచికారీలు కొట్టి తర్వాత టవల్ వేయండి. టవల్ జారడానికి పనికొస్తుంది. ఎక్కువ కొడితే మసక.

టవల్ కింద పడిందంటే ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. దులిపి వాడకండి. ఇబ్రహీంపట్నం వైపు బూడిద, సిమెంటు పనుల దుమ్ము, గుంటూరు యార్డు వైపు మిర్చి లారీల దుమ్ము, ఏదైనా సెల్లార్ నేల మీదే పేరుకుంటుంది.

అంతా అయిందనుకున్నాక అసలు చికాకు మొదలవుతుంది. సైడ్ మిర్రర్లలోంచి, డోర్ హ్యాండిళ్లలోంచి, నంబర్ ప్లేటు వెనక నుంచి, పెట్రోల్ మూత సందులోంచి నీళ్లు కారి తుడిచిన తలుపు మీద చార గీస్తాయి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే చేతి బ్లోయర్ ఇక్కడ టవల్ కంటే మేలు. జానెడు దూరంలో పట్టి పైనుంచి కిందికి కొట్టండి, నేల వైపు తిప్పకండి, దుమ్ము లేచి తడి పెయింటుకే అంటుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు తడి నేల మీద పెట్టొద్దు, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైన్ నుంచే తీసుకోండి. బ్లోయర్ లేదంటే తలుపులు ఒక్కొక్కటి తెరిచి గట్టిగా వేయండి, చాలా నీళ్లు రాలిపోతాయి. తర్వాత చిన్న గుడ్డతో సందులు, రబ్బరు బీడింగ్, డిక్కీ అంచులు తుడవండి.

వీల్స్‌కు వాడిన గుడ్డ మళ్లీ బాడీ మీదికి రాకూడదు, అంతే. బ్రేకులు తడిసి ఉంటాయి గనుక వీధి చివరిదాకా నెమ్మదిగా వెళ్లి మెత్తగా నాలుగైదు సార్లు బ్రేక్ వేసి రండి. తడి బ్రేకులతో హ్యాండ్ బ్రేక్ లాగి రోజుల తరబడి వదిలేస్తే పట్టేసే ప్రమాదముంది. చదును నేలైతే గేరులో ఉంచి, టైరుకు అడ్డు పెట్టండి.

టవల్ అక్కర్లేదు, బందరు రోడ్డు మీద ఒక రౌండు వేస్తే గాలికే ఆరిపోతుందనేవాళ్లకు ఒకటే మాట: ఆరేది నీరే, సున్నం ఆరదు, పైగా రోడ్డు దుమ్ము తడికి అంటుకుంటుంది. తడి కారు మీద కవర్ కప్పడం అంతకంటే తప్పు. ఆవిరి లోపలే ఉండిపోతుంది, గాలికి కవర్ కదిలి రుద్దుతుంది.

మరక పడిపోయిందా? అదే రోజైతే తెల్ల వెనిగర్, ఏసీ నీళ్లు సమపాళ్లలో కలిపి, చల్లటి పలక మీద తడిపిన గుడ్డను నిమిషం అద్ది ఉంచి, మంచినీళ్లతో కడిగేయండి. సున్నాన్ని ఆ పులుపు కరిగిస్తుంది. క్రోమ్ మీద నానబెట్టొద్దు. చింతపండు, నిమ్మచెక్కతో రుద్దడం ఇత్తడి బిందెలకు బాగుంటుంది, పెయింటుకు కాదు. వెనిగర్‌కూ లొంగని, గోరు ఆనిస్తే పల్లంగా తగిలే మరకంటే క్లియర్ కోటును తినేసినట్టే, దానికి పాలిషింగ్ తప్ప దారి లేదు.

కొత్త టవల్‌ను మొదటిసారి వాడకముందే ఒకసారి ఉతకాలి, ఊడే పోగులు, ఫ్యాక్టరీ పూత పోతాయి. ఆ తర్వాత ఎప్పుడూ విడిగానే ఉతకండి. నూలు బట్టలతో కలిపితే వాటి నూగంతా దీనికి పడుతుంది. లిక్విడ్ డిటర్జెంట్ ఒక మూత, గోరువెచ్చటి నీళ్లు చాలు. వాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ పోగుల మీద పూతలా పట్టి నీళ్లు పీల్చే గుణాన్ని చంపేస్తుంది. బ్లీచింగ్, ఇస్త్రీ కూడా వద్దు. బోరు నీళ్లతోనే ఉతికితే నాలుగైదు ఉతుకులకు టవల్ గరుకుగా మారుతుంది, అదీ సున్నమే. బకెట్ నీళ్లలో 100 మిల్లీలీటర్ల వెనిగర్ వేసి అరగంట నానబెట్టి జాడిస్తే మెత్తబడుతుంది. మేడ మీద తీగ కంటే ఇంట్లో ఫ్యాను కింద ఆరేయండి, ఆరాక మూత ఉన్న డబ్బాలో పెట్టండి. డిక్కీలో విడిగా పడేస్తే స్టెప్నీ మట్టి తగులుతుంది.