చిత్తు కాగితాలతో మొదటి జంక్ జర్నల్

చిత్తు కాగితాలను కుట్టి, పాత టికెట్లు, కవర్ల లాంటివి అతికించుకునే పుస్తకమే జంక్ జర్నల్. ఆ మాట అనగానే అందరి ధ్యాసా అలంకరణ మీదికి పోతుంది. అసలు చూసుకోవాల్సింది వెన్ను, అంటే పుస్తకం కుట్టిన వైపు. టికెట్లు, ట్యాగులు, కవర్లు అతికించేకొద్దీ పేజీల వైపు లావెక్కుతుంది, కుట్టిన వైపు పలచగానే ఉంటుంది. సగం నిండేసరికి పుస్తకం నోరు తెరుస్తుంది, ఇక మూతపడదు. కాబట్టి అతికించబోయే వాటికి చోటు కుట్టేటప్పుడే పెట్టుకోవాలి.

ఆరు ఏ4 కాగితాలను సగానికి మడిస్తే 24 పేజీలు వస్తాయి. ఒకవైపు అచ్చయిన కాగితాలైనా పనికొస్తాయి, ఆ వైపు ఎలాగూ అతుకుల కింద దాగిపోతుంది. వేరే కాగితంలోంచి 3 సెం.మీ. వెడల్పు, 21 సెం.మీ. పొడవుతో ఐదు పట్టీలు కత్తిరించి, నిలువునా మడవండి. కాగితాలను ఒకదానిలో ఒకటి దూర్చేటప్పుడు ప్రతి రెండింటి మధ్యా ఒక పట్టీ పెట్టండి. వెన్నుకు కావలసిన మందం వీటివల్లే వస్తుంది.

అట్టకు పలచని అట్టపెట్టెను విప్పి 31 × 21.5 సెం.మీ. ముక్క తీసుకోండి. మధ్యలో 4 మి.మీ. ఎడంగా రెండు గీతలు, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి గీసి, అప్పుడు మడవండి. గీయకుండా మడిస్తే అట్ట పగులుతుంది.

పేజీలను అట్టలో పెట్టి, మడత మీద మూడు రంధ్రాలు చేయండి: మధ్యలో ఒకటి, పేజీల పై అంచుకూ కింది అంచుకూ 4 సెం.మీ. లోపల చెరొకటి. 60 సెం.మీ. దారం చాలు. లోపలి నుంచి మధ్య రంధ్రంలో సూది బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి రండి. మధ్యదాన్ని వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి వెళ్లి, మళ్లీ మధ్యలోంచి లోపలికి రండి. లోపల పొడవుగా కనిపించే దారానికి అటొకటి ఇటొకటి కొసలు ఉంచి ముడి వేయండి. దారం పేజీల మడత వెంబడే లాగాలి. అడ్డంగా లాగితే కాగితం చిరుగుతుంది.

ఇక జిగురు. పలచని కాగితానికి గ్లూ స్టిక్కే మంచిది. తెల్ల జిగురులో నీరుంటుంది, దాన్ని పీల్చుకుని కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. మందమైన వాటికే, అదీ అంచుల వెంట సన్నగా రాయండి. మధ్యలో ప్లాస్టిక్ షీటు పెట్టి, బరువు కింద రాత్రంతా ఉంచండి. ప్లాస్టిక్ పూత ఉన్న రేపర్లకు ఈ రెండూ సరిగా అంటవు, స్టేప్లర్ వాడండి.

దుకాణాల్లో యంత్రం ఇచ్చే నున్నటి రసీదుల మీద అక్షరాలు వేడికి ఏర్పడినవి. వెలుతురుకు వెలిసిపోతాయి, కొన్ని జిగుర్లు తగిలితే మాయమవుతాయి. దాచుకోవాలనుకున్న రసీదును ఫొటోకాపీ తీసి, ఆ కాపీనే అతికించండి. న్యూస్‌పేపర్ ముక్కలు పసుపెక్కడమే కాదు, ఎదుటి పేజీకి మరక కూడా అంటిస్తాయి. వాటిని ఫొటోల పక్కన పెట్టకండి.

అతికించడానికి మనసొప్పని ఉత్తరాలకూ ఫొటోలకూ జేబు చేయండి. పాత కవరును అడ్డంగా సగానికి కోసి, మూసి ఉన్న సగం వెనకవైపు మొత్తం జిగురు రాసి పేజీకి అంటిస్తే జేబు సిద్ధం.